ఐదో రోజు ప్లేట్లు

సంతకం పెట్టనని ప్లేట్లక్క అన్న మాట మధ్యాహ్నానికల్లా మూడో అంతస్తంతా పాకింది.

ఆ ప్రయోగశాలలో ఆమె ఇరవై రెండేళ్లుగా కణాలు పెంచుతోంది. పొద్దున్నే వచ్చి ఇంక్యుబేటర్ తలుపు తీసి, లోపల కణాలు పెరిగే ప్లేట్లను "ఎలా ఉన్నారర్రా" అని పలకరించే అలవాటు ఉంది కాబట్టి ఎవరో ఆ పేరు పెట్టారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఆమెకు ఎదురు చెప్పడం కొత్త కాదు. చేతులు కడుక్కోకుండా కణాల గదిలోకి అడుగుపెట్టిన పెద్ద పెద్దవాళ్లను గుమ్మం దగ్గరే నిలబెట్టి వెనక్కి పంపేది. అయితే ప్రొఫెసర్ గారి మాట కాదనడం మాత్రం ఇదే మొదటిసారి.

"రెండు రోజుల ఫలితం నిజమేనా, కాదా?" అని అడిగాడాయన, నివేదికను ఆమె వైపు జరుపుతూ.

"నిజమే సార్."

"మరి సంతకానికేం అడ్డం?"

"కింద వాక్యం చూడండి. 'నేను చూసిన ఫలితాలేవీ ఇందులో వదిలిపెట్టలేదు' అని ఉంది. నేను ఐదో రోజు కూడా చూశాను."

"ఐదో రోజు చూడమని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మన ప్రణాళికలో అది లేదమ్మా."

"ప్రణాళికలో లేదు సార్. ప్లేట్లో ఉంది."

ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. చెడ్డవాడేమీ కాదు. ఈ మందు వెంట తొమ్మిదేళ్లు తిరిగాడు. ఇంకో నెలన్నరలో దాన్ని మొదటిసారి రోగులకు ఇచ్చి చూడబోతున్నారు. అందుకు కావాల్సిన కాగితాల్లో ఇదే చివరిది.

"మీ చెల్లెలి కూతురిని మర్చిపోయారా?" అన్నాడు మెల్లగా.

"మర్చిపోలేదు కాబట్టే ఐదో రోజు దాకా చూశాను," అని ఆమె లేచింది. నివేదిక అక్కడే ఉండిపోయింది.

ఆ మందు సంగతి ఇది. మన కణాల్లో జన్యువుల నుంచి నకళ్లు తయారవుతుంటాయి. వాటిని ఎంఆర్ఎన్ఏ అంటారు. ఏ ప్రోటీను ఎలా కట్టాలో చెప్పే సందేశాలవి. ఒక్కోసారి సందేశం పూర్తికాకముందే, ఉండకూడని చోట, 'ఇక్కడితో ఆపు' అన్న గుర్తు పడుతుంది. అలాంటి తప్పుడు సందేశాన్ని పట్టుకుని ముక్కలు చేసెయ్యడానికి కణంలో కొన్ని ప్రోటీన్లు కలిసి ఒక యంత్రాంగంలా పనిచేస్తాయి. మామూలుగా అది మంచిదే. సగం సగం ప్రోటీన్లు పోగుపడితే కణానికే చేటు. కాని ప్లేట్లక్క చెల్లెలి కూతురి విషయంలో మాత్రం ఆ తప్పు గుర్తు సందేశం చివర్లో ఎక్కడో పడింది. ఆ సందేశాన్ని బతకనిస్తే తోక కాస్త తెగిన ప్రోటీను తయారవుతుంది, కండరానికి చాలావరకు పనికొస్తుంది. యంత్రాంగానికి ఆ తేడాతో పనిలేదు. తప్పు కనిపించిందంటే చాలు, ముక్కలు చేసేస్తుంది. దాంతో ఆ పిల్ల కండరాలు పదకొండో ఏటి నుంచి కరిగిపోతూ వచ్చాయి. ఇప్పుడు పంతొమ్మిది. నాలుగేళ్లుగా చక్రాల కుర్చీలోనే.

ఆ యంత్రాంగంలో ముందు నడిచే ప్రోటీను మీద ఒక ఎంజైము ఫాస్ఫేటు తగిలిస్తేనే పని సాగుతుంది. ప్రొఫెసర్ గారి మందు ఆ ఎంజైమును పట్టి ఆపుతుంది. ఏడుగురు రోగుల చర్మం నుంచి తీసిన కణాలను కండర కణాలుగా మార్చి, వాటి మీద రెండు రోజులు మందు వేసి చూశారు. బతికి ఉన్న సందేశం ఎంతో చూపే గీత ఏడింటిలోనూ నల్లగా, లావుగా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ప్లేట్లక్క కూడా కొట్టింది. నాలుగో నంబరు కణాలు తన చెల్లెలి కూతురివే.

ఆ సాయంత్రం కొన్ని ప్లేట్లు మిగిలాయి. రోగులు మందును రెండు రోజులు వేసుకుని ఊరుకోరు కదా, రోజూ వేసుకుంటారు కదా అనుకుని, వాటిని పారెయ్యకుండా రోజూ మందు మారుస్తూ ఉంచింది. ఐదో రోజు చూస్తే గీత దాదాపు లేదు. తన చెయ్యే ఎక్కడో తప్పిందనుకుంది. కొత్త సీసా తెరిచి మళ్లీ చేసింది. మళ్లీ అదే. మూడోసారి, ముక్కలు చేసే యంత్రాంగంలోని ప్రోటీన్లు ఎంతెంత ఉన్నాయో కూడా కొలిచింది. అవి రెండింతలు దాటాయి.

ఎందుకో ఆమెకు ఆలస్యంగా అర్థమైంది. ఆ యంత్రాంగం తన సొంత ప్రోటీన్ల సందేశాలను కూడా కొంత కొంత ముక్కలు చేస్తూనే ఉంటుంది. తాను ఎంత ఉండాలో అలా తనే అదుపు చేసుకుంటుంది. మందుతో దాన్ని ఆపితే ఆ సందేశాలూ మిగిలిపోతాయి, వాటి నుంచి మరిన్ని ప్రోటీన్లు పుడతాయి, ఐదో రోజుకు యంత్రాంగం మందును దాటుకుని మళ్లీ పనికి దిగుతుంది.

ఈ అంకెలు చూసినవాడు ప్రయోగశాలలో ఇంకొక్కడే. గణాంకాలు చూసే ఆయన, అందరూ లెక్కలాయన అంటారు. "అంకెలు బాగానే ఉన్నాయక్కా," అన్నాడు కాగితం తిరిగి ఇస్తూ, "బాగుండటమే బాధ." ఆ తర్వాత రెండు వారాలు ఆమె ఎదురైతే చాలు, ఫోను చూసుకుంటూ పక్కకు తప్పుకున్నాడు.

*

చెల్లెలు సిటీ బస్సు డ్రైవరు. ప్లేట్లక్క వెళ్లేసరికి అప్పుడే డ్యూటీ దిగి, యూనిఫాం చొక్కా కూడా విప్పకుండా వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. విషయం అంతకుముందే ఫోన్లో తెలిసిపోయింది. ప్రయోగశాల నుంచి ఎవరో చెప్పారు.

"నీ సంతకం పడకపోతే ఏమవుతుంది?" అంది వెనక్కి తిరగకుండా.

"ఆగుతుంది."

"ఎన్నాళ్లు?"

"తెలీదు."

కత్తి చప్పుడు ఆగింది. "దాని చెయ్యి చూశావా ఈమధ్య? గ్లాసు ఎత్తలేకపోతోంది. స్ట్రా పెట్టి ఇస్తున్నా. మొదటి జట్టులో దాని పేరుంది. నెలన్నరలో మందు ఇస్తారు. రెండు రోజులు పనిచేస్తుందని నువ్వే చెప్పావు. ఆ రెండు రోజులైనా రానీ. మా అక్కవేనా నువ్వు?"

"ఐదో రోజు నుంచి పనిచెయ్యని మందును అది ఏడాదంతా మింగాలి. పనిచెయ్యకపోయినా ఒంటిని పీడిస్తుంది. ఏడాది తర్వాత మందు పనికిరాదని తేలుస్తారు, మూలన పడేస్తారు. ఎందుకు పనికిరాలేదో ఎవరూ అడగరు."

"అలా అని నువ్వనుకుంటున్నావు."

"నేను చూశాను."

ముందు గదిలోంచి చక్రాల చప్పుడు వచ్చింది. చెల్లెలి కూతుర్ని ఇంట్లో జడ్జీగారనే పిలుస్తారు. నాలుగేళ్ల వయసు నుంచి దాని ముందు ఎవరు పోట్లాడుకున్నా తీర్పు చెప్పందే ఊరుకునేది కాదు. ఇప్పుడు ఇంట్లోంచే నీటి సరఫరా కార్యాలయానికి ఫిర్యాదుల ఫోన్లు అందుకుంటుంది. చెవికి పెట్టుకున్న హెడ్‌సెట్ తియ్యకుండానే గుమ్మంలోకి వచ్చి ఆగింది.

"ఇద్దరూ నా గురించే మాట్లాడుకుంటున్నారు. నన్ను అడిగేవాళ్లు మాత్రం లేరు," అంది. "పెద్దమ్మా, మొదట్నుంచి చెప్పు. నీ ప్రయోగశాల భాష వద్దు."

ప్లేట్లక్క స్టూలు మీద కూర్చుని మొదట్నుంచి చెప్పింది. చెల్లెలు మళ్లీ తరగడం మొదలుపెట్టింది గాని, ముక్కలు మునుపటికన్నా పెద్దవిగా పడుతున్నాయి.

"అంటే నా కణాలే నాకు అడ్డం పడుతున్నాయా?" అంది జడ్జీగారు.

"వాటికి నువ్వున్నావనే తెలీదే. చెత్త పోగుపడుతోందనుకుని, ఊడ్చేవాళ్లను పెంచుకుంటున్నాయి."

"మందు ఆపేస్తే?"

"ఊడ్చేవాళ్లు మళ్లీ తగ్గాలి. తగ్గి తీరాలి."

"తగ్గాక మళ్లీ వేస్తే?"

"ఎవరూ చూడలేదు," అంది ప్లేట్లక్క.

"రెండు రోజులు వేసి, కొన్నాళ్లు ఆపి, మళ్లీ వేసి చూడొచ్చుగా? మరి చూడండి. నా చర్మం కోసి తీసుకెళ్లింది అందుకేగా."

"రిపోర్టు వెళ్లాక చూడమను," అంది చెల్లెలు.

"రిపోర్టు వెళ్లాక ఎవరూ చూడరమ్మా. నేను రోజూ ఫోన్లో వింటాను. పైపు బాగయిందని ఒకసారి కాగితం మీద రాసేశాక, నీళ్లు రావట్లేదని ఎవరు మొత్తుకున్నా పట్టించుకోరు."

చెల్లెలు కూర పొయ్యి మీద పెట్టింది. అక్కను భోజనానికి ఉండమనలేదు. ప్లేట్లక్క చెప్పులేసుకుంటుంటే, "నువ్వు బాగా నిద్రపోగలవులే," అని మాత్రం అంది.

*

సోమవారం కణాల గది దగ్గర ప్లేట్లక్క కార్డు పెడితే ఎర్ర దీపం వెలిగింది. మళ్లీ పెట్టింది. మళ్లీ ఎర్రదే. తర్వాత ఒక కాగితం వచ్చింది. 'పనుల సర్దుబాటు' కింద ఆమెను నేలమాళిగలోని గాజు సామాను కడిగే గదికి మార్చారు.

ఆ గదిలో కిటికీ లేదు. రెండు పెద్ద సింకులు, మూలన ఆవిరి కక్కుతూ, సామానును శుద్ధి చేసే ఆటోక్లేవు. పై అంతస్తుల సీసాలన్నీ ట్రేలలో అక్కడికే దిగుతాయి. అలిగి ఇంట్లో కూర్చుంటుందని కొందరు అనుకున్నారు. ఆమె ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు. ప్రతి సోమవారం ప్రొఫెసర్ గారికి ఒకే ఉత్తరం రాసింది: 'ఐదో రోజు ఫలితాన్ని నివేదికలో చేర్చండి. చేర్చిన రోజు సంతకం పెడతాను.' మూడు ఉత్తరాలకూ జవాబు రాలేదు. చేతులకు డిటర్జెంటు పొక్కులు లేచాయి. సీసాలు మాత్రం మునుపెన్నడూ లేనంతగా మెరిశాయి. అది కూడా ఆమె కావాలని చేసిందే. తన పనిలో లోపం చూపించడానికి ఎవరికీ ఒక్క మరక దొరకకూడదు.

నాలుగో వారం, ప్రయోగాలు చేసిన వాళ్లలో మరొకరి చేత సంతకం పెట్టించి నివేదిక పంపేస్తున్నారని తెలిసింది. ఆ సాయంత్రమే జడ్జీగారికి ఫోన్ చేసింది.

"నువ్వు చర్మం ఇచ్చినప్పుడు సంతకం పెట్టిన కాగితం ఉందా?"

"ఉంది. అన్నీ ఉంచుతాను."

"మూడో పేజీ చదువు."

అవతల కాగితాల చప్పుడు. తర్వాత జడ్జీగారు తన ఫిర్యాదుల గొంతుతో చదివింది. "దాత తన కణాల మీద జరిగిన ప్రయోగాల ఫలితాలను కోరవచ్చు. కోరినప్పుడు పూర్తిగా తెలియజేయబడును." ఆగి, "పూర్తిగా అంటే ఐదు రోజులూ కదా పెద్దమ్మా?" అంది.

"నేనేం చెప్పను. చెప్పానంటే నేను నీచేత ఉత్తరం రాయించాననుకుంటారు."

"నువ్వు రాయించడమేంటి? నా ఒళ్లు."

రోగుల మీద మందు పరీక్షించే ముందు కాగితాలన్నీ చూసి అనుమతిచ్చే పరిశీలన సంఘం ఒకటుంది. జడ్జీగారు ఉత్తరాన్ని ప్రొఫెసర్ గారికి కాకుండా నేరుగా ఆ సంఘానికే రాసింది. రెండు వేళ్లతో, రెండు రోజులు టైపు చేసింది. అడుగున ఒక వాక్యం చేర్చింది: 'ఈ ఉత్తరానికి నమోదు సంఖ్య ఇవ్వగలరు.' నోటిమాటగా వచ్చిన ఫిర్యాదులు ఎక్కడ కలిసిపోతాయో దానికి బాగా తెలుసు.

నమోదు సంఖ్య వచ్చింది. పదకొండు రోజులకు సంఘం ప్లేట్లక్కను పిలిచింది.

పొడవాటి బల్ల చుట్టూ తొమ్మిది మంది. ఒక చివర ప్రొఫెసర్ గారు, ఆయన పక్కన లెక్కలాయన. ఏప్రాన్ విప్పి వచ్చినా ప్లేట్లక్క చీర అంచు తడిగానే ఉంది. అధ్యక్షురాలు తల నెరిసిన డాక్టరమ్మ. ఆమె ఫైలు మూసి సూటిగా అడిగింది.

"మీరు తప్పు చేసి ఉండొచ్చు కదా?"

"చేసి ఉండొచ్చు మేడం. అందుకే మూడుసార్లు చేశాను. నాలుగోసారి ఇంకెవరైనా చెయ్యండి. నేను ఆ గది దరిదాపులకు కూడా రాను. నా చెయ్యి తగిలిందన్న అనుమానం వద్దు."

"ఫలితం మీరన్నట్టే వస్తే, మీ కుటుంబంలోని రోగికే నష్టం. అది తెలుసా?"

"తెలుసు."

"అయినా అడుగుతున్నారా?"

"మా పిల్లకు అబద్ధం మందుగా ఇవ్వడానికి నాకు చేతులు రావు మేడం. మీకు వస్తే ఇవ్వండి. నా సంతకం మాత్రం ఉండదు."

ప్రొఫెసర్ గారు గొంతు సవరించుకున్నాడు. "ప్రణాళికకు బయట చేసిన ప్రయోగం అది. దాని అంకెలు ఎవరూ సరిచూడలేదు."

లెక్కలాయన బల్లమీది పెన్ను తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. "నేను చూశాను," అన్నాడు చివరికి, ఎవరి వైపూ చూడకుండా. "మూడుసార్లూ ఒకటే వచ్చింది. పొరపాటున అలా రావడం కష్టం. ఈ ముక్క నేను ముందే చెప్పాల్సింది."

సంఘం అనుమతిని ఆపేసింది. ప్రయోగం మళ్లీ చెయ్యమంది.

*

అది జరిగిన మూడు వారాలకు, ఒక పొద్దున ప్రొఫెసర్ గారు మెట్లు దిగి కడిగే గదికి వచ్చాడు. అంతకుముందు ఆ గది ఎక్కడుందో ఆయనకు తెలీదు, దారి అడుక్కుంటూ వచ్చాడు. ప్లేట్లక్క చేతులు సింకులోంచి తియ్యలేదు.

"నేనే చేశాను," అన్నాడు. "ఎవరికీ అప్పగించలేదు. పైపెట్ పట్టుకుని పద్దెనిమిదేళ్లయింది. మొదటి రెండు ప్లేట్లకు బూజు పట్టించాను."

"చేతులు సరిగా కడుక్కుని ఉండరు."

"బహుశా." ఆవిరికి ఆయన కళ్లజోడు మసకబారింది. తుడుచుకోలేదు. "ఐదో రోజు గీత లేదు."

"నాకు తెలుసు సార్."

"మీ కార్డు మళ్లీ పనిచేస్తుంది. పైకి రండి."

"వస్తాను. కాని వచ్చాక నేను చూడాల్సిందొకటి ఉంది. రెండు రోజులు మందు, ఐదు రోజులు విరామం, మళ్లీ మందు. ఊడ్చే ప్రోటీన్లు విరామంలో తగ్గుతాయా లేదా అని. ఆ ప్రశ్న నాది కాదు, మీదీ కాదు. నాలుగో నంబరు దాత అడిగింది. నివేదికలో అలాగే రాయాలి."

"అలా రాసే పద్ధతి లేదమ్మా."

"అయితే ఈ సీసాలు ఇంకా చాలా ఉన్నాయి సార్."

ఆయన వెళ్లిపోయాడు. మర్నాడు ఆయన చేతిరాతతో ఉన్న కొత్త ప్రణాళిక కాగితం కిందికి వచ్చింది. మొదటి పేరాలోనే ఉంది: 'నాలుగో నంబరు దాత లేవనెత్తిన ప్రశ్న ఆధారంగా.' ప్లేట్లక్క ఏప్రాన్ కొక్కేనికి తగిలించి పైకి వెళ్లింది.

విరామం ఇస్తే ఊడ్చే ప్రోటీన్లు మామూలు స్థాయికి దిగాయి. మందు మళ్లీ వేస్తే సందేశం గీత మళ్లీ నల్లగా వచ్చింది. పైగా, ఆ రెండు రోజుల్లో తయారై కండర కణంలో కుదురుకున్న ప్రోటీను విరామమంతా నిలబడింది. ఎనిమిది వారాలు వరసగా చూశారు. ఏడుగురి కణాల్లో ఐదుగురివి అలాగే నడిచాయి. రెండు నడవలేదు. ఆ రెండింటి సంగతి కూడా నివేదికలో రాశారు. రాయమని ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు.

అంతా అయ్యేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా జడ్జీగారి ఊపిరి బలం తగ్గింది. కొత్తగా మొదటి జట్టును ఎంపిక చేసినప్పుడు గొట్టంలోకి ఊదిస్తే, ఉండాల్సిన అంకె కన్నా కాస్త తక్కువ వచ్చింది. పేరు కొట్టేశారు.

ఆ రోజు చెల్లెలు బస్సు డిపో నుంచి ఫోన్ చేసింది. "నీ నిజం గెలిచింది," అంది. "నా కూతురు ఓడింది." ఫోన్ పెట్టేశాక ప్లేట్లక్క ఇంక్యుబేటర్ ముందు చాలాసేపు నిలబడింది. తను చేసింది మళ్లీ చెయ్యాల్సి వస్తే చేస్తానా అని తన్ను తానే అడిగి చూసుకుంది. చేస్తాననే జవాబు వచ్చింది. అందుకు ఏడుపూ వచ్చింది.

ఏడవనిది జడ్జీగారొక్కతే. "ఆ అంకె ఎవరు పెట్టారు?" అని ఎంపిక కార్యాలయాన్ని అడిగింది. నిబంధన అన్నారు. "నిబంధన సరే. దాని వెనక ఏ పరీక్ష ఉంది? ఆ కాగితం చూపించండి." వాళ్లు ఏ కాగితమూ పంపలేదు. మళ్లీ సంఘానికి ఉత్తరం, మళ్లీ నమోదు సంఖ్య. ఈసారి చెల్లెలే సెలవు పెట్టి, కూతుర్ని కుర్చీతో సహా వాకిట్లోంచి అద్దె వ్యానులో ఎక్కించుకుని సంఘం ఎదుటికి తీసుకెళ్లింది. లిఫ్టు చెడిపోయి ఉంటే, అక్కను ఒక పక్క పట్టుకోమని రెండు అంతస్తులు మోసింది. మెట్ల మీద అక్కచెల్లెళ్లు మాట్లాడుకున్నది "ఎత్తు", "ఆగు", ఈ రెండే మాటలు.

వెతికితే, ఆ అంకె ఏదో పాత మందు కాగితాల్లోంచి అలాగే దించుకున్నదని తేలింది. రెండో జట్టుకు హద్దు తగ్గించారు. జడ్జీగారికి నాలుగు నెలలు ఆలస్యంగా మందు మొదలైంది. రెండు రోజులు మాత్రలు, ఐదు రోజులు విరామం.

ఆరు నెలల తర్వాత కొలిచారు. చేతి బలం పెరగలేదు. తగ్గనూ లేదు. దాదాపు పదేళ్లలో తగ్గకుండా గడిచిన మొదటి ఆరు నెలలవి.

ప్లేట్లక్క ఆ ఫలితం తెచ్చిన ఆదివారం చెల్లెలు టీ పెట్టింది. ముగ్గురూ తాగారు. జడ్జీగారు ఫోను రాగానే హెడ్‌సెట్ సర్దుకుని, "మీ వీధి పేరు చెప్పండి సార్," అంటూ ముందు గదిలోకి వెళ్లిపోయింది.

"ఆ ఎనిమిది నెలలు పోకపోయుంటే ఇంకాస్త బలం ఉండేది," అంది చెల్లెలు.

"ఉండేదేమో. పాత పద్ధతిలో మొదలుపెట్టుంటే ఇప్పటికి మందే ఉండేది కాదు."

"నువ్వు చేసింది తప్పని నేను ఇప్పటికీ అంటాను. ఎప్పటికీ అంటాను."

"అను," అంది ప్లేట్లక్క.

చెల్లెలు ఆమె గ్లాసు తీసుకుని, మిగిలిన టీ అందులో వంచింది.